పచ్చనీళ్ల సేద్యం

"ఏ ఆకు పసరమ్మా ఇది? షుగరుకా, మోకాళ్లకా?"

ఊరి నుంచి వచ్చిన మా పెద్దత్తయ్య వంటింటి కిటికీ ముందు నిలబడి అడిగింది. కిటికీ అరుగు మీద రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసాలు నాలుగున్నాయి. మూడింట్లో బచ్చలాకు రుబ్బి పిండినంత పచ్చటి నీళ్లు. నాలుగోదాంట్లో పలచటి డికాషన్ లాంటి గోధుమరంగు నీళ్లు. ఒక్కో సీసాలోకి సన్నటి గొట్టం దిగి ఉంది. అడుగు నుంచి బుడగలు గుబగుబమని లేస్తున్నాయి.

"చేపల తిండి అత్తయ్యా."

"చేపలకి పసరు పోస్తావా?"

"చేపలకి కాదు. ఇది తాగి బతికే పురుగులు వేరే ఉన్నాయి. ఆ పురుగుల్ని చేపపిల్లలు తింటాయి."

అత్తయ్య రెండడుగులు వెనక్కి వేసింది. "వంటింట్లో పురుగులు పెంచుతున్నావా తల్లీ?" అంది. ఆ రోజు ఆవిడ కాఫీ హాల్లోనే తాగింది.

నిజానికి పురుగులు వంటింట్లో ఉండవు, వెనక బాల్కనీలో ఉంటాయి. వాటికీ ఈ సీసాలకీ మధ్య రెండు గదులు, మూడు తలుపులు ఎందుకు అడ్డం పెట్టానో కాస్త ఆగి చెబుతాను. అది బాగా నష్టపోయి నేర్చుకున్న సంగతి.

పాఠ్యపుస్తకాలు వీటిని ప్లవకాలు అంటాయి. 2021 ఉగాదితో వచ్చిన ప్లవ నామ సంవత్సరం గుర్తుందా? ఆ ప్లవే ఇది. తేలేది అని, పడవ అని అర్థం. జర్మనీ శాస్త్రవేత్త విక్టర్ హెన్సెన్ 1887లో గ్రీకు నుంచి తీసి పెట్టిన ప్లాంక్టన్ అన్న పేరుకు అర్థం తిరుగుబోతు. మన పేరే మర్యాదగా ఉంది. ఏటికి ఎదురీదే సత్తా లేక నీటివాలున పోయే జీవాలన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. ఎండను తిని బతికేవి వృక్ష ప్లవకాలు. వాటిని తిని బతికేవి జంతు ప్లవకాలు. భూమ్మీద జరిగే కిరణజన్య సంయోగక్రియలో దాదాపు సగం మొదటి రకం చేస్తున్నదే. చెట్లకు మనం చెప్పుకునే కృతజ్ఞతలో వీటి వాటా వీటికి ఎప్పుడూ అందలేదు.

మేముండేది విశాఖపట్నం లాసన్స్ బే కాలనీలో. ఇంటి నుంచి పది నిమిషాలు నడిస్తే సముద్రం. ఈ తీరపు నీళ్లలో ప్లవకాలు ఏ కాలంలో ఎన్ని ఉంటాయో ఆంధ్ర విశ్వవిద్యాలయం జీవశాస్త్రవేత్తలు పి.ఎన్.గణపతి, డి.వి.సుబ్బారావు లెక్కగట్టి 1958లోనే పరిశోధన పత్రం అచ్చువేశారు. వేసవి మొదట్లో గాలి తీరం వెంబడి వీచి పైనీళ్లను అవతలికి నెడుతుంది. అడుగు నుంచి చల్లటి, పోషకాలున్న నీళ్లు లేస్తాయి. వాటిని తిని ప్లవకాలు విరగబెరుగుతాయి. రైతు ఎరువు చల్లి చేసే పనిని సముద్రం గాలితో చేయించుకుంటుంది.

మోచేతి కొలత

మా నాన్నది కైకలూరు దగ్గర చేపల చెరువు. బొచ్చె, శీలావతి వేసేవాడు. పొద్దున్నే గట్టు దిగి, చెయ్యి మోచేతి దాకా నీళ్లలో ముంచి, అరచెయ్యి కనబడుతుందా లేదా అని చూసేవాడు. స్పష్టంగా కనబడితే నీళ్లు పలచబడ్డాయని పేడ, సూపర్ ఫాస్ఫేటు వేయించేవాడు. మణికట్టు కూడా కనబడకపోతే మరీ చిక్కబడ్డాయని ఎరువు ఆపించేవాడు. ఎందుకంటే అంత చిక్కటి నీళ్లు పగలు ఎంత ఆక్సిజన్ ఇస్తాయో రాత్రి అంత లాగేసుకుంటాయి, తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి తేలతాయి. "మనం పెంచేది నీళ్లనే. చేపను నీళ్లే పెంచుతాయి" అనేవాడు. బొచ్చె పైనీళ్లలో తిరుగుతూ జంతు ప్లవకాలను వడగట్టుకు తింటుందని అప్పటికి నాకు తెలీదు. నాన్న పొద్దున్నే చేతులు ఎందుకు తడుపుకుంటాడో అర్థమయ్యేది కాదు.

ఇదే పనిని 1865లో ఇటలీ మతగురువు, ఖగోళ శాస్త్రవేత్త ఆంజెలో సెకీ పోపు గారి ఓడ మీద చేశాడు. తెల్లటి పళ్లెం తాడుకి కట్టి సముద్రంలోకి దించి, ఎంత లోతున కనుమరుగవుతుందో రాసుకున్నాడు. ఇప్పటికీ రొయ్యల చెరువు గట్ల మీద సెకీ డిస్క్ పేరుతో నలుపు తెలుపు పళ్లెం ఉంటుంది. నా దగ్గర ఉన్నది పాత ప్లాస్టిక్ స్కేలు. చివర నల్ల ఇంకు చుక్క పెట్టాను. సీసాలో ముంచితే రెండు అంగుళాల లోపే చుక్క మాయమైతే పంట కోతకొచ్చినట్టు.

చేపలు వదిలేసి పట్నం వచ్చాననుకున్నాను. ఇరవై ఏళ్ల తర్వాత మళ్లీ నీళ్ల చిక్కదనమే చూసుకుంటున్నాను.

ఎవరికి ఏ ముద్ద

హాల్లో రెండు వందల లీటర్ల ఉప్పునీటి తొట్టె ఉంది. అందులో క్లౌన్ చేపల జంట. నారింజ రంగు ఒళ్లు, తెల్లటి పట్టీలు, సినిమా పుణ్యమా అని పిల్లలందరూ నీమో అని పిలిచేవి. హేచరీలో పుట్టినవే కొన్నాను. పెద్ద చేపలకు ఈ పచ్చనీళ్ల గొడవేమీ అక్కర్లేదు. ఎండు గుళికలు వేస్తే తింటాయి, గడ్డకట్టిన రొయ్యపొట్టు పెట్టినా తింటాయి. చిక్కు వచ్చేది అవి గుడ్లు పెట్టినప్పుడు. గుడ్డులోంచి బయటపడే పిల్ల నాలుగు మిల్లీమీటర్లు. అందులో సగం కళ్లే అనిపిస్తుంది. దాని నోట్లో పట్టేది మిల్లీమీటరులో పదో వంతు, ఐదో వంతు ఉండే జీవం మాత్రమే. పైగా అది కదులుతుండాలి. ఎదురుగా ఎంత మంచి పొడి చల్లినా, కదలనిది ఆ పిల్ల లెక్కలో తిండి కిందకే రాదు.

పగడాల కథ వేరు. మా తమ్ముడు డాలస్‌లో ఉంటాడు. వాడి తొట్టెలో రకరకాల పగడాలు. మన దేశంలో ఆ ముచ్చట కుదరదు. గట్టి పగడాలను, నల్ల పగడాలను, సముద్రపు విసనకర్రలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో పెట్టింది. సముద్రంలోంచి తీయడం, కొనడం, అమ్మడం నేరం. సముద్రపు గుర్రాలకూ ఇదే రక్షణ. ఎవరైనా చాటుగా అమ్మజూపితే కొనకండి. నేను పగడాలను వీడియో కాల్లోనే చూస్తాను.

"అక్కా, ఇప్పుడు లైట్లార్పేశాను. నీలం టార్చ్ వేస్తున్నా, చూడు" అంటాడు. పగలంతా రాయిలా ఉన్నది రాత్రికి పూస్తుంది. ఒక్కో రంధ్రం లోంచి చిన్న చేతుల గుత్తి బయటికొస్తుంది. ఆ చేతుల నిండా విషపు మొనలున్న కణాలు. తగిలిన పురుగును కుట్టి, జిగురులో చుట్టి, మెల్లగా నోట్లోకి తోసుకుంటుంది. సముద్రంలో కూడా చాలా రకాల జంతు ప్లవకాలు చీకటి పడ్డాకే పైకి వస్తాయి. అందుకే పగడానికి భోజనాల వేళ రాత్రి.

పగడం దేన్ని తిని బతుకుతుంది అన్న ప్రశ్న మీద పండితులు చాలా కాలం పోట్లాడుకున్నారు. 1928-29లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్ మీద ఏడాది పాటు మకాం వేసిన బ్రిటిష్ బృందం నాయకుడు సి.ఎం.యంగ్, పగడం పక్కా మాంసాహారి అని తేల్చాడు. దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మ శైవలాలు చెత్త ఎత్తేసే పనివాళ్లు మాత్రమే అన్నాడు. తర్వాతి పరిశోధనలు తిరగేసి చెప్పాయి: పగడానికి కావలసిన శక్తిలో చాలా భాగం, కొన్ని జాతుల్లో తొంభై శాతం దాకా, ఆ శైవలాలు ఎండలో వండి పెడుతున్నదే. అలాగని యంగ్ పూర్తిగా తప్పూ కాదు. శైవలం ఇచ్చేది ఎక్కువగా చక్కెర, కొవ్వు. ఒళ్లు కట్టడానికి కావలసిన నత్రజని, భాస్వరం వేటాడి తెచ్చుకోవాలి. అన్నం ఇంట్లో వండుకుంటుంది, పప్పు మాత్రం బయటి నుంచి తెచ్చుకుంటుంది అనుకోండి.

మా తమ్ముడు మొదట్లో పచ్చనీళ్లు గ్లాసులకు గ్లాసులు తొట్టెలో కుమ్మరించేవాడు. పగడాలు తాగుతాయని. నేనూ అదే అనుకున్నాను. తప్పు. రాతిపగడాల్లో చాలావాటికి వృక్ష ప్లవకాల మీద ఆసక్తి లేదు, కావలసింది కదిలే పురుగే. ఆకుపచ్చ తినేవి వేరు: డెండ్రోనెఫ్తియా అనే ఎర్రటి, గులాబీరంగు మెత్తటి పగడాలున్నాయి. వాటి ఒంట్లో వండిపెట్టే శైవలాలు లేవు. ఎర్రసముద్రంలో అవి వృక్ష ప్లవకాలనే తిని బతుకుతున్నాయని 1995లో కాథరీనా ఫాబ్రిషియస్ బృందం చూపించింది. రాక్షస ఆలిచిప్పలు తాగుతాయి. స్పంజికలు తాగుతాయి. కాబట్టి పచ్చనీళ్లు పోస్తే గట్టి పగడానికి నేరుగా అందదు, ఇసుకలో, రాళ్ల సందుల్లో ఉన్న పురుగులకు అందుతుంది. ఆ పురుగులు రాత్రి బయటికొస్తే అప్పుడు పగడానికి. దుకాణాల్లో సీసా మీద 'పగడాల ఆహారం' అని రాసి అమ్మేవాళ్లు ఈ మధ్యలో ఉన్న మెట్టు సంగతి చెప్పరు.

సీసాలో నారుమడి

ఇక పని సంగతి. నా పచ్చటి సీసాల్లో ఉన్నది నానోక్లోరాప్సిస్. రెండు మూడు మైక్రాన్ల గుండ్రటి కణం. ఒక ఆవగింజ వెడల్పున వీటిని వరసగా పేరిస్తే ఆరు వందలు పడతాయి. పంట బాగా చిక్కబడితే ఒక్క మిల్లీలీటరులో కోటికి పైగా ఉంటాయి. గోధుమరంగు సీసాలో ఐసోక్రైసిస్. రెండూ ఎందుకంటే, మొదటిదానిలో ఈపీఏ అనే కొవ్వు ఆమ్లం పుష్కలం, డీహెచ్‌ఏ ఉండదు. ఐసోక్రైసిస్‌లో డీహెచ్‌ఏ ఉంటుంది. చేపపిల్ల కళ్లు, మెదడు కట్టుకోవడానికి అదే కావాలి. కందిపప్పు ఒక్కటే పెట్టి పిల్లల్ని పెంచలేం కదా.

నీళ్లు ముందు. సముద్రం పక్కనే ఉంది కదా, బిందెతో తెచ్చుకోవచ్చుగా అని అందరూ అడుగుతారు. రేవు ఉన్న ఊరి నీళ్లు నేను నమ్మను. పైగా వానాకాలం తర్వాత నదుల నీళ్లు కలిసి బంగాళాఖాతం ఉప్పు తగ్గుతుంది. అక్వేరియం ఉప్పును ఆర్వో నీళ్లలో కలుపుతాను, లీటరుకు పాతిక గ్రాముల చొప్పున. అసలు సముద్రంలో ముప్పై అయిదు దాకా ఉంటుంది గానీ ఈ పంటకు కాస్త తక్కువే ఇష్టం. కుళాయి నీళ్లు వాడితే అందులోని క్లోరిన్ మొదటి రోజే విత్తనాన్ని చంపేస్తుంది.

తర్వాత శుభ్రం. నీళ్లను ప్రెషర్ కుక్కర్లో మరిగించి చల్లారుస్తాను. సీసాలను, గొట్టాలను బ్లీచింగ్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి బాగా కడిగి ఆరబెడతాను. ఒక జాగ్రత్త: బ్లీచింగ్ ద్రావణంలో వెనిగర్ గానీ, ఏ ఆమ్లం గానీ పొరపాటున కూడా కలపకూడదు, విషవాయువు వస్తుంది.

ఎరువు పేరు ఎఫ్ బై 2. అమెరికాలో రాబర్ట్ గిల్లార్డ్, జాన్ రైథర్ 1962లో ఎఫ్ అనే మిశ్రమాన్ని ప్రకటించారు. దాన్ని సగానికి పలచన చేస్తే ఎఫ్ బై 2. లీటరుకు 75 మిల్లీగ్రాముల సోడియం నైట్రేటు, 5 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు, చిటికెలో చిటికెంత ఇనుము, జింకు వగైరా, బి1, బి12, బయోటిన్ విటమిన్లు. నాన్న వేసిన పేడా సూపరూ కూడా ఇవే ఇచ్చేవి, తూకం లేకుండా. సిద్ధంగా కలిపిన ద్రావణం సీసాల్లో దొరుకుతుంది. నేనదే వాడతాను, తూకాలు నాకు చేతకావు.

విత్తనం, నీళ్లు ఒకటికి మూడు చొప్పున కలిపి, గొట్టం అడుగుదాకా దించి గాలి పెట్టాలి. గొట్టం చివర రాయి పెట్టకండి, దాని రంధ్రాల్లో మురికి చేరుతుంది. పెద్ద బుడగ చాలు. కణాలు అడుక్కి దిగకుండా కలియబెట్టడం దాని పని. వెనక మామూలు తెల్ల ఎల్‌ఈడీ ట్యూబులైటు పదహారు గంటలు. మొదటి రెండు రోజులూ ఏమీ జరగదు. మూడో రోజు లేత జామాకు రంగు. వారానికి, ఒక్కోసారి పది రోజులకు, చిక్కటి బచ్చలి. సగం తీసి ఫ్రిజ్‌లో పెట్టి, సగానికి కొత్త నీళ్లు, ఎరువు చేర్చితే మళ్లీ వారానికి పంట. ఫ్రిజ్‌లోది రోజూ ఒకసారి కుదిపితే రెండు మూడు వారాలు బతికే ఉంటుంది.

చదివితే పెరుగు తోడుపెట్టడమంత తేలిగ్గా ఉంది. తోడు దగ్గర పోలిక సరిపోతుంది కూడా. నిన్నటిది కొంచెం ఉంటేనే రేపటిది. కానీ పెరుగు పాడైతే పక్కింటి నుంచి తెచ్చుకుంటాం. ఇది పాడైతే విశాఖలో ఎవరి తలుపు కొట్టాలి? నా మొదటి విత్తనం మే నెలలో కొరియర్లో వచ్చింది. ఐదు రోజులు ఏ గోడౌన్‌లో ఉడికిందో, మూత తీస్తే కుళ్లిన గుడ్డు వాసన. రెండోసారి డిసెంబరులో తెప్పించాను. అది పెరిగింది. తర్వాతి మేలో ఒక పెళ్లికి రాజమండ్రి వెళ్లి మూడు రోజులు ఇల్లు మూసేశాం. కరెంటు ఎప్పుడు పోయిందో, ఎంతసేపు పోయిందో. తిరిగొచ్చేసరికి సీసాల్లో పైన కల్లు రంగు నీళ్లు, అడుగున ఆవాలు నూరినట్టు పసుపుపచ్చ మడ్డి. ఈ పంటకు పాతిక డిగ్రీలంటే హాయి. ముప్పై దాటితే నీరసం. మన ఎండలకు ఇదే అసలు శత్రువు. ఇప్పుడు వేసవిలో రెండు సీసాలు పడగ్గది ఏసీలో పడుకుంటాయి. మా ఆయన ఏమీ అనరు, కానీ ఆ బుడగల చప్పుడుకు దిండు చెవి మీద పెట్టుకుంటారు.

తెగులే తిండి అయింది

బాల్కనీలో ఉన్న పురుగుల పేరు రొటిఫర్లు. ఉప్పునీటి రకం బ్రాకియోనస్. మిల్లీమీటరులో పదో వంతు నుంచి పదింట మూడు వంతుల దాకా ఉంటాయి. గాజు గ్లాసులో పోసి వెలుతురుకు పట్టి చూస్తే దుమ్ము కదులుతున్నట్టుంటుంది. పది రెట్ల భూతద్దంలో చూస్తే నోటి చుట్టూ నూగు సుడి తిరుగుతూ రెండు చక్రాల్లా కనబడుతుంది. ఆ సుడిలోకి పచ్చటి కణాలు కొట్టుకొచ్చి నోట్లో పడతాయి. దాదాపు అన్నీ ఆడవే. మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. తిండి, వెచ్చదనం సరిపోతే రోజుకు రెట్టింపు. చక్రవడ్డీ అంటే ఏమిటో నాకు అప్పులవాళ్ల కంటే ఇవే బాగా నేర్పాయి.

జపాన్‌లో ఈల్ చేపల చెరువుల రైతులకు ఇవి తెగులు. పచ్చగా నిండుగా ఉన్న చెరువులో ఇవి విరుచుకుపడితే నీళ్లు ఉన్నట్టుండి తేటబడిపోయేవి. చెరువుల్ని పాడుచేసే ఆ జీవినే చేపపిల్లలకు మొదటి ముద్దగా పెట్టవచ్చని తకాషి ఇతో 1960లో చూపించాడు. సముద్ర చేపల హేచరీలన్నీ ఆ తర్వాతి కథే.

నా వంటింట్లో జరిగిందీ ఆ జపాన్ రైతు చెరువులో జరిగిందే. బాల్కనీలో రొటిఫర్ల బకెట్‌లో వాడిన చుక్కల గొట్టాన్నే కుళాయి కింద కడిగేసి, సీసాలో పెట్టాను. ఒక్క తడి చుక్క. కొన్ని రోజులకు సీసా లేత నిమ్మరసం రంగు. మర్నాటికి పారదర్శకం. లోపల లక్షల రొటిఫర్లు, తినడానికి ఏమీ లేక. నాలుగు సీసాలకూ ఒకే గొట్టం వాడినందువల్ల నాలుగూ పోయాయి. అప్పటి నుంచి పొద్దున్న ముందు వంటిల్లు, తర్వాతే బాల్కనీ. బాల్కనీ నుంచి వంటింటికి వెనక్కి రావడం లేదు, స్నానం చేసే దాకా. మడి కట్టుకోవడం అంటే ఇంట్లో పెద్దవాళ్లు ఏమనుకున్నా, నాకు అర్థమైంది ఇప్పుడే.

రొటిఫర్లకు ఇరవై లీటర్ల బకెట్ చాలు. ఉప్పు లీటరుకు ఇరవై నుంచి పాతిక గ్రాములు. మెల్లటి గాలి. నీళ్లు ఎప్పుడూ లేత ఆకుపచ్చగా ఉండేలా రోజుకు రెండుసార్లు పచ్చనీళ్లు. రోజూ నాలుగో వంతు నీళ్లు యాభై మైక్రాన్ల జల్లెడలోంచి వంచి, చిక్కినవాటిని శుభ్రమైన ఉప్పునీళ్లతో కడిగి తొట్టెకు వెయ్యాలి. కడగకుండా వేస్తే వాటి బకెట్‌లోని అమ్మోనియా, బాక్టీరియా కూడా తొట్టెలోకి వెళ్తాయి. బకెట్ బాగుందా లేదా అని ఎలా తెలుస్తుంది? భూతద్దంలో చూసి ఎన్ని గుడ్లు మోస్తున్నాయో లెక్కపెట్టండి. మూడింట ఒకటైనా తోక దగ్గర గుడ్డు పెట్టుకుని తిరుగుతుంటే ఫరవాలేదు. గుడ్లు లేవంటే రెండు మూడు రోజుల్లో బకెట్ మొత్తం కూలిపోతుందని అర్థం. అందుకే నా దగ్గర రెండు బకెట్లు.

కోపెపాడ్‌లు ఇంకా మేలైన తిండి. తెడ్డుకాళ్లవి అని ఆ పేరుకు అర్థం. సముద్రంలో చేపపిల్ల పుట్టగానే వెతుక్కునేది వీటి పిల్లల్నే. కానీ అవి ఓపిగ్గా పెరుగుతాయి, రొటిఫర్లలా రోజుకు రెట్టింపు కావు. మా తమ్ముడికి మాండరిన్ చేప ఉంది. నీలం, నారింజ రంగుల ముగ్గు వేసినట్టుంటుంది. రోజంతా రాళ్ల మీద ఒక్కో కోపెపాడ్‌నే ఏరుకుని తింటుంది, గుళికలు చాలావరకు ముట్టదు. అందమైనదని కొనుక్కెళ్లినవాళ్ల ఇళ్లలో ఆకలికి చచ్చే చేప అదే. వాడు దాన్ని కొనడానికి ఆరు నెలల ముందే తొట్టెలో కోపెపాడ్‌లు వదిలాడు. "దాని కోసమేనా పచ్చనీళ్లు పెంచుతున్నావురా?" అన్నాను. "కాదక్కా, దాని అన్నానికి అన్నం" అన్నాడు.

ఆర్టీమియా గురించి తీరప్రాంతం వాళ్లకు నేను చెప్పేదేముంది? ఎండిన ఇసుకలా ఉండే గుడ్లు, ఉప్పునీళ్లలో గాలిపెట్టి ఇరవై ఎనిమిది డిగ్రీల్లో ఉంచితే ఒక్కరోజులో పిల్లలవుతాయి. ప్రపంచానికి ఈ గుడ్లలో పెద్ద వాటా అమెరికాలోని గ్రేట్ సాల్ట్ లేక్ నుంచి వస్తుంది. భీమిలి నుంచి ఉప్పాడ, చీరాల మీదుగా నెల్లూరు దాకా ఉన్న రొయ్యల హేచరీలు డబ్బాలకు డబ్బాలు వాడతాయి. వనామీ రొయ్యకు 2009లో మన దేశం తలుపు తీసిన దగ్గర్నుంచి ఈ తీరంలో ప్లవకాల సేద్యం పెద్ద పరిశ్రమే. రొయ్య గుడ్డు నుంచి వచ్చిన నాప్లియస్ అనే పిల్ల తన ఒంట్లో ఉన్న సొనతోనే బతుకుతుంది. జోయియా దశకు రాగానే నోరు తెరుచుకుంటుంది. ఆ గంటకు కీటోసెరోస్ లాంటి డయాటమ్ శైవలం సిద్ధంగా లేకపోతే ట్యాంకు ట్యాంకే పోతుంది. తర్వాత మైసిస్ దశలో ఆర్టీమియా. ఆల్గే గదిలోకి చెప్పులు విడిచి, కాళ్లు పర్మాంగనేటులో ముంచి వెళ్లాలి. పరీక్ష నాళిక నుంచి ఫ్లాస్కుకు, ఫ్లాస్కు నుంచి కార్బాయ్‌కి, అక్కణ్నుంచి బయటి ట్యాంకుకు. ఒక హేచరీ చూడ్డానికి వెళ్లినప్పుడు అక్కడి టెక్నీషియన్ నా ఫోన్‌లో వంటింటి ఫోటో చూసి నవ్వాడు. "మేడమ్, మీరు ఇంట్లో కుక్కర్తో చేస్తున్నారు, మేము బాయిలర్తో. క్రాష్ అయితే ఇద్దరికీ ఒకటే ఏడుపు" అన్నాడు.

ఆ పదిహేను రోజులు

క్లౌన్ చేపలకు గుడ్లు పెట్టడానికని తొట్టెలో ఒక పూలకుండీ పెంకు ఆనించాను. ఆరు నెలల తర్వాత ఒక సాయంత్రం దాని మీద నారింజరంగు గింజలు అంటించినట్టు గుడ్లు. మగచేప కాపలా. రెక్కలతో విసురుతూ, నోటితో తుడుస్తూ, నేను చెయ్యి పెడితే కొరుకుతూ. నాలుగో రోజుకు గుడ్లు గోధుమరంగుకు తిరిగాయి. ఏడో రోజుకు ఒక్కో గుడ్డులో వెండి కళ్లు రెండు. అంటే ఆ రాత్రే.

లైట్లార్పాక గంటన్నరలో విచ్చుకుంటాయి. పెంకును జాగ్రత్తగా తీసి ఇరవై లీటర్ల చిన్న తొట్టెలో పెట్టి, చుట్టూ నల్ల కాగితం అంటించి, సన్నటి గాలి పెట్టి, టార్చ్ పట్టుకుని కూర్చున్నాను. తొమ్మిదిన్నరకు చూస్తే నీళ్ల నిండా కళ్లు. నీళ్లలో కొంచెం పచ్చనీళ్లు కలిపాను. పచ్చటి నేపథ్యంలో రొటిఫర్లు పిల్లల కంటికి బాగా ఆనుతాయి. పైగా రొటిఫర్లు కూడా అక్కడే మేస్తూ పోషకాలు పోగొట్టుకోకుండా ఉంటాయి. మిల్లీలీటరుకు పది రొటిఫర్ల చొప్పున. పిల్ల ఒక్కసారి ఒళ్లు మెలివేసి, ఆగి, ముందుకు దూకి, గుటుక్కుమంది. భూతద్దంలో చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఐదో రోజు నుంచి అప్పుడే పుట్టిన ఆర్టీమియా. పుట్టిన కొన్ని గంటల్లోనే పెట్టాలి. ఆలస్యమైతే వాటి ఒంట్లో సొన అయిపోయి పొట్టు మిగులుతుంది. ఆ పొట్టుకు విలువ రావాలంటే ఐసోక్రైసిస్ తాగించాలి. గుడ్డు పెంకులు ఒక్కటి కూడా కలవకుండా వేరుచేయాలి. పెంకు మింగితే పిల్ల పేగు మూసుకుపోతుంది. పదో రోజున కొన్ని పిల్లల నల్లటి ఒంటి మీద తల దగ్గర తెల్లగా ఒక గీత. ఆ గీత వచ్చిందంటే గండం గడిచినట్టు. మొదటి దఫాలో గీత దాకా వచ్చినవి పదకొండు. రెండో దఫా సగం ఆరో రోజున పోయాయి, తప్పు నాదే, రొటిఫర్లు కడగకుండా వేశాను. మూడో దఫాలో డెబ్బైకి పైగా నిలబడ్డాయి. వాటిని తెలిసినవాళ్లకు ఇచ్చేశాను. ఒక్కటీ అమ్మలేదు. ఖర్చు లెక్క వేస్తే ఒక్కో పిల్లకు ఎంత పడిందో మా ఆయనకు ఇంకా చెప్పలేదు.

మరి ఇదంతా అందరూ చెయ్యాలా? చేపల జంటను చూసుకుని ఆనందించేవాళ్లకు అక్కర్లేదు. గుళికలు వేయండి, నీళ్లు మార్చండి, హాయిగా ఉండండి. గట్టి పగడాలున్నవాళ్లకు, అంటే మన దేశం బయట ఉన్నవాళ్లకు, మంచి లైటు, స్థిరమైన నీళ్లు ముందు. ప్లవకాలు తర్వాత. తినేదానికంటే ఎక్కువ పోస్తే మిగిలింది కుళ్లి నైట్రేటు పెరుగుతుంది, రాళ్ల మీద నాచు పడుతుంది. చేపపిల్లల్ని పెంచాలనుకునేవాళ్లకు మాత్రం వేరే దారి లేదు. ముందు పచ్చనీళ్లు, తర్వాత రొటిఫర్లు, ఆ తర్వాతే గుడ్లు. గుడ్లు పెట్టాక పచ్చనీళ్లు మొదలుపెడదామంటే బిడ్డ ఏడ్చాక పొలం దున్నినట్టే.

విత్తనం తెప్పించుకున్న రోజే రెండు సీసాలకు పంచి, వేర్వేరు గదుల్లో పెట్టండి. పాడైన నీళ్లను కాలవలోనో సముద్రంలోనో పారబోయకండి. ఎక్కడి జీవమో ఏమో, బ్లీచింగ్ కలిపి చంపాకే మోరీలో పోయండి.

ఇంకొకటి. మొన్న మా పెద్దత్తయ్య మళ్లీ వచ్చింది. పొద్దున్నే ఫ్రిజ్ తెరిచి, పచ్చటి సీసా తీసి, గ్లాసులో వంచుకోబోతుంటే చూసి పరుగెత్తాను. పసరు మోకాళ్లకు మంచిదేమోనని అనుకుందట. ఇప్పుడు ఆ సీసా మీద ఎర్ర అక్షరాలతో 'తాగకూడదు, చేపలది' అని చీటీ ఉంది. మీరు మొదలుపెట్టేట్టయితే విత్తనం ఇంటికి రాకముందే ఆ చీటీ రాసిపెట్టుకోండి.